లైనక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఎఫ్‌స్టాబ్ చూడండి

కమాన్‌పూర్‌లో మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి మొన్న ఆదివారం కొత్త ఎస్ఎస్‌డీ పెట్టా. ఆన్ చేస్తే టైమర్ తిరుగుతూ కూర్చుంది. 90 సెకన్లయ్యాక నల్ల స్క్రీన్ మీద ‘ఎమర్జెన్సీ మోడ్’ అని వచ్చింది. నాన్న బొగ్గుబాయిలో చివరి షిఫ్ట్ చేసొచ్చిన రోజు ఫొటోలు ఆ సిస్టమ్‌లోని రెండో హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు, తప్పు నాదే.

డిస్క్ పోయిందేమోనని ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో తమ్ముడి విండోస్ ల్యాప్‌టాప్‌కి పెట్టాం. “అన్నా, ఫార్మాట్ చేయమంటుంది, కొట్టాల్నా?” అన్నాడు, మౌస్ మీద చెయ్యేసి. కొట్టి ఉంటే అంతే సంగతులు! అది ఈఎక్స్‌టీ4 డిస్క్. విండోస్ దాన్ని నేరుగా చదవలేదు కాబట్టి ఫార్మాట్ అడుగుతుంది. అడిగినంత మాత్రాన డిస్క్ పాడైనట్టు కాదు. క్యాన్సిల్ కొట్టి తీసేయండి.

అసలు సమస్య ఎఫ్‌స్టాబ్‌లో ఉంది. బూట్ టైమ్‌లో ఏ పార్టిషన్‌ని ఏ ఫోల్డర్‌లో మౌంట్ చేయాలో లైనక్స్ చూసుకునే ఫైల్ ఇది, ‘ఈటీసీ’ ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో ఎప్పుడో ఒక వీడియో చూసి ‘ఎస్‌డీబీ1’ అని రాసుకున్నా. కానీ ఈ పేర్లు పర్మనెంట్ కావు, కెర్నల్ డిస్కుల్ని గుర్తించే వరసను బట్టి మారొచ్చు. ఇప్పుడు ఎస్‌డీబీ పేరు కొత్త ఎస్ఎస్‌డీకి పోయింది, ఫొటోల డిస్క్ ఎస్‌డీసీ అయింది. కొత్తదాంట్లో పార్టిషనే లేదు. లేని ఎస్‌డీబీ1 కోసం చూసి చూసి సిస్టమ్ ఆగిపోయింది.

డిస్క్ మళ్లీ లోపల బిగించి, ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ పాస్‌వర్డ్ ఇచ్చా (కొన్నింట్లో ఎంటర్ చాలు). ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కమాండ్‌కి స్పేస్ ఇచ్చి హైఫన్ ఎఫ్ కలిపితే ప్రతి పార్టిషన్ యూయూఐడీ కనిపిస్తుంది. కేబుల్ ఏ పోర్టుకి మార్చినా ఆ నంబర్ మారదు, ఫార్మాట్ చేస్తే మారుతుంది. ఎఫ్‌స్టాబ్‌కి ఒక కాపీ తీసుకుని, ఎస్‌డీబీ1 ఉన్నచోట యూయూఐడీ రాసి, ఆప్షన్లలో ‘నోఫెయిల్’ చేర్చా. రీబూట్‌కి ముందే ‘మౌంట్ హైఫన్ ఏ’ కొట్టి చూడండి. చాలా తప్పులకి అక్కడే ఎర్రర్ చెప్తుంది, కానీ నోఫెయిల్ ఉంటే యూయూఐడీ తప్పు పడినా చెప్పకపోవచ్చు.

నోఫెయిల్‌తో ఒక చిక్కుంది. డిస్క్ దొరక్కపోయినా సిస్టమ్ మామూలుగా బూట్ అవుతుంది. మనం చూసుకోకుండా అదే ఫోల్డర్‌లో కాపీ చేస్తే ఫైళ్లు మెయిన్ డిస్క్‌లో పడతాయి. తర్వాత డిస్క్ మౌంట్ అయ్యాక అవి దాని కింద దాక్కుంటాయి, మనమేమో పోయాయని కంగారుపడతాం. డిస్క్‌ని అన్‌మౌంట్ చేస్తే మళ్లీ కనిపిస్తాయి. పెద్ద కాపీ పెట్టే ముందు ‘ఫైండ్‌ఎంఎన్‌టీ’ కొట్టి చూసుకోవడం నాకిప్పుడు అలవాటైంది.

రీబూట్ చేశాక ఫొటోలన్నీ వచ్చాయి. నాన్న మెడలో దండలు, నెత్తిన ఇంకా క్యాప్‌ల్యాంపే. ఇది రాస్తుంటే వెనకాల అవన్నీ కొత్త ఎస్ఎస్‌డీలోకి కాపీ అవుతున్నాయి.