చేజారిన వస్తువు

అమెరికా దేశమున ఫ్లోరిడా రాష్ట్రములో ఓర్లాండో యను నగరము కలదు. అచ్చటి ‘ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్’ అను వినోదోద్యానమున 2021వ సంవత్సరము జూన్ 10వ తేదీన ‘వెలోసికోస్టర్’ అను క్రొత్త రోలర్ కోస్టరు ప్రారంభమయ్యెను. రోలర్ కోస్టరనగా ఎత్తుపల్లములును మెలికలును గల పట్టాలపై జనులను కూర్చుండబెట్టి మహావేగముతో త్రిప్పు వినోదపు బండి. వెలోసికోస్టరు గంటకు 70 మైళ్ల వేగమున పరుగిడును. 155 అడుగుల యెత్తున కెక్కి దాదాపు నిట్టనిలువుగా క్రిందికి దూకును. త్రోవలో నాలుగు మారులు తలక్రిందులగును.

బండిలో కూర్చున్న మనుష్యుని ఒడిపైకి దిగు కడ్డీ గట్టిగా పట్టియుంచును. కాని అతని జేబులోని సెల్‌ఫోనును, తాళపుచెవులను, నాణెములను పట్టియుంచున దేదియు లేదు. చలించు వస్తువు మరియొక బలము తనపై పని చేయనంత వరకు అదే వేగముతో సరళరేఖలో సాగిపోవునని న్యూటను మొదటి సూత్రము తెలుపుచున్నది. బండి మలుపు తిరిగినపుడు మనుష్యుడు దానితో తిరుగును. వదులుగా నున్న ఫోను తన దారిని తాను పోవును. 70 మైళ్ల వేగమున జారిన వస్తువు ఒక్క సెకనులో నూరడుగులకు పైగా పోవును. 155 అడుగుల యెత్తునుండి పడినచో, గాలి నిరోధమును లెక్కింపకున్న, నేల తాకునప్పటికి దాని వేగము గంటకు సుమారు 68 మైళ్లగును. అది క్రింద నడచువారికి తగిలినను, వెనుక వరుసవారికి తగిలినను ఘోరమైన గాయము కాగలదు.

పోయిన వస్తువుపై మమకారము ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించును. 2015 ఆగష్టులో ఒహాయో రాష్ట్రమందలి యొక వినోదోద్యానమున ఒకడు రోలర్ కోస్టరు దిగిన పిదప, తాను పోగొట్టుకొనిన వస్తువును వెదకుటకై కంచె దాటి నిషిద్ధస్థలమున ప్రవేశించెను. అంతలో పరుగిడి వచ్చిన బండి తగిలి మరణించెను.

ఈ యపాయమును నివారించుటకు పలుచోట్ల బండి యెక్కు స్థలముననే పెట్టెలనుంచి, వస్తువులను అందులో వేయింతురు. అందరును వేసి, మరల తీసికొనునంతవరకు బండి కదలదు. వెనుక బండ్లు నిలిచిపోవును. మరికొన్నిచోట్ల ప్రవేశద్వారము వెలుపల లాకర్లుండును. అప్పుడు గంటసేపు వరుసలో ఫోను లేక నిలువవలసివచ్చును. అందుచే కొందరు దానిని జేబులో దాచుకొని పోవుదురు.

వెలోసికోస్టరు నిర్మాతలు లాకర్లను వరుస చివర, బండి యెక్కు స్థలమునకు సమీపముననే యుంచిరి. ప్రతి లాకరునకు ఇరువైపుల తలుపులు కలవు. ఎక్కబోవువాడు తన ప్రవేశపు టిక్కెట్టును యంత్రమునకు చూపగా ఒక లాకరు తెరచుకొనును. అందు వస్తువులనుంచి అతడు ముందుకు పోవును. దిగిన పిమ్మట అతడు వచ్చునది ఆ లాకర్ల గోడకు రెండవ వైపునకు. అదే టిక్కెట్టును చూపినంతనే అదే లాకరు ఆ వైపున తెరచుకొనును. ఇందువలన ఎక్కువారికిని దిగువారికిని త్రొక్కిడి కలుగదు. ఇందుకు రుసుము లేదు. లాకర్లను దాటిన పిదప లోహములను కనిపెట్టు యంత్రము కలదు. మరచి గాని, దాచి గాని తెచ్చిన ఫోను అచ్చట బయటపడును.

‘వస్తువులు తేరాదు’ అని పలక కట్టుట సులభము. జనులు దానిని ఏల పాటింపరో ఆలోచించి, వస్తువును విడిచియుండవలసిన కాలమును కొలది నిమిషములకు తగ్గించుటయే ఈ యేర్పాటులోని విశేషము. అయినను ఏదైన చేజారినచో, అచ్చటి పనివారికి తెలిపి వేచియుండవలెను. కంచె దాటరాదు. ఫోను మరల కొనవచ్చును గాని పోయిన ప్రాణము తిరిగి రాదు.