మూడో పిన్ను మాట

"నాయనా, కంప్యూటర్ కొడతా ఉండాది" అని మా అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు పేపర్లోంచి తల ఎత్తకుండానే "చెప్పులేసుకుని కూర్చోమ్మా" అన్నాను. రెండోసారి చెప్పినప్పుడు లేచి వెళ్లి, డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశాను. నాకేమీ తెలియలేదు. "ఎక్కడ కొడతాంది? ఉత్తదే" అనేసి వచ్చాను. మూడోసారి తను చెప్పలేదు. కాళ్ల కింద గోనెపట్ట మడిచి వేసుకుని తన పని తను చేసుకుంటోంది. పిల్లకి తెలివి వచ్చిందని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పులికాట్ ఒడ్డున, సూళ్లూరుపేట నుంచి తడ దాకా, పిల్లల చదువుకని కంప్యూటర్ కొన్న ఇళ్లకు ఇప్పుడు కొదవ లేదు. సరస్సుకు అవతల శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మేడెక్కి చూసే పిల్లలు మావాళ్లు. కంప్యూటర్ కావాలని అడగడంలో ఆశ్చర్యం లేదు. కొనేటప్పుడు ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత అని పదిమందిని అడుగుతాం. దాని ప్లగ్గు ఎక్కడ దూరుస్తామో మాత్రం ఎవరినీ అడగం.

పిల్లకు తెలిసింది నాకెందుకు తెలియలేదో ముందు చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. అరచేతి చర్మం మందం, పైగా పొడిగా ఉంది. ఇక పడవ తోసి, వల లాగి గట్టిపడ్డ చేతులకైతే అసలే తెలియదు. పిల్ల అప్పుడే కాళ్లు కడుక్కుని వచ్చి, తడి ఆరని గచ్చు మీద ఉత్త కాళ్లతో కూర్చుంది. ముంజేయి లోపలి పక్క, చర్మం పల్చగా ఉండే చోట, డబ్బా అంచుకు ఒరుసుకుంది. చీమలు పాకినట్టు జివ్వుమంది. ఇద్దరం నిజమే చెప్పాం. అయితే నమ్మాల్సింది పిల్ల మాట.

డబ్బా ఎందుకు జివ్వుమంటుంది? కంప్యూటర్ వెనక, కరెంటు వైరు దూర్చే చోట, ఎస్ఎంపిఎస్ అనే ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. విద్యుత్తులోని రొదను వడగట్టడానికి దాంట్లో రెండు చిన్న కెపాసిటర్లు పెడతారు. ఒకటి ఫేజ్ నుంచి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి, రెండూ వచ్చి డబ్బా లోహానికే కలుస్తాయి. వాటిగుండా కొంచెం కరెంటు కారుతూనే ఉంటుంది. అది లోపం కాదు, తయారీయే అంత. కారింది కారినట్టు మూడో పిన్ను గుండా నేలలోకి పోవాలి. ఆ పిన్నుకు దారి లేకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ముట్టుకున్నవాళ్ల ఒళ్లే దారి అవుతుంది.

భయపడిపోకండి. ఆ కెపాసిటర్లు చాలా చిన్నవి. సాధారణంగా వాటిలోంచి వచ్చేది మిల్లీ ఆంపియర్లో కొంత భాగమే. మనిషికి కరెంటు తెలియడం మొదలయ్యేది అర నుంచి ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర. పట్టుకున్నది వదల్లేకపోయేది పది దాటితే. కాబట్టి ఆ జివ్వుమనడం మాత్రమే అయితే ప్రాణం మీదికి రాదు. నేను చెప్పులేసుకోమన్నదీ ఆ ధీమాతోనే. కానీ అది చెబుతున్న కబురు వేరు: ఈ ఇంట్లో ఎర్త్ లేదు. రేపు లోపల ఎక్కడో వైరు తొక్క ఒలిచిపోయి ఫేజ్ నేరుగా డబ్బాను తాకితే, ఎర్త్ ఉన్న ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా ట్రిప్పు కొడుతుంది. ఎర్త్ లేని ఇంట్లో ఏమీ జరగదు. ముట్టుకునే చెయ్యి కోసం డబ్బా 230 వోల్టులతో అలాగే కాచుక్కూర్చుంటుంది.

మన మాటలోనే ఒక తిరకాసు ఉంది. ఇలా జివ్వుమంటే "ఎర్త్ కొడతాంది", "బాడీకి ఎర్త్ వస్తాంది" అంటాం. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ నవ్వి, "ఎర్త్ కొట్టడం కాదన్నా, ఎర్త్ లేకనే కొడతా ఉండాది" అన్నాడు. కాపాడేదాని పేరే దోషానికి పెట్టుకున్నాం. అందుకే కాబోలు, కొందరు ఏకంగా ఆ మూడో పిన్నును విరగ్గొట్టేస్తారు.

మా ఇంట్లో అతను పట్టుకున్నవి రెండు తప్పులు. మొదటిది ఎక్స్‌టెన్షన్ బాక్సు. పైకి మూడు రంధ్రాల సాకెట్లు నాలుగున్నాయి. మరలు విప్పితే లోపలికి వచ్చిన వైర్లు రెండే. పై రంధ్రం వెనక ఇత్తడి ముక్క, దానికి మర, మర కింద ఖాళీ. టూ కోర్ వైరుతో చేసిన బాక్సు అది. మూడో రంధ్రం బొమ్మ. రెండోది పెరట్లో. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ పైపు కుళాయి పక్కన గుంతలో ఉండాలి. మట్టి తీసి, తీగను పైపుకు బిగించిన క్లాంపు పట్టుకుంటే సున్నుండ చిదిమినట్టు చేతిలో పొడైపోయింది. తీగ ఎటూ తగలకుండా వేలాడుతోంది. మామూలు నేలల్లో ఎర్త్ గుంతలో బొగ్గూ ఉప్పూ వేస్తారు, కరెంటును నేల బాగా పీల్చుకోవాలని. పులికాట్ ఒడ్డున నేలే ఉప్పు. ఎర్త్ భేషుగ్గా పని చేయాల్సిన చోటు ఇది. కానీ ఆ ఉప్పే, ఆ ఉప్పు గాలే ఇనుమును తినేస్తుంది. ఇక్కడ ఇల్లు కట్టినవాళ్లు ఒకసారి గుంత తీశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇంకో సంగతి ఆ రోజే తెలిసింది. ఇంట్లోని అన్ని మూడో రంధ్రాలూ ఒకే తీగకు కలిసి ఉంటాయి. పెరట్లో ఆ తీగ తెగిపోతే, నీళ్ల మోటారులోనో ఫ్రిజ్‌లోనో పుట్టిన లీకేజీ ఆ తీగ వెంబడే వెనక్కి వచ్చి కంప్యూటర్ డబ్బా మీద తేలగలదు. అందుకే కొత్త కంప్యూటర్ కూడా కొడుతుందని షాపువాడితో తగాదా పడే ముందు, మోటారు వేసినప్పుడే ఎక్కువవుతోందా, కుళాయి తిప్పినా జివ్వుమంటోందా అని పిల్లను అడగండి. జరిగింది అడగడమే, మళ్లీ ముట్టుకుని చూడమనడం కాదు. జివ్వుమనడం కాక ఒక్క దెబ్బలా లాగిందంటే ఇక విచారణలు వద్దు; మెయిన్ ఆపి మనిషిని పిలవండి.

మీరు చేయదగింది కొంచెమే. గోడ దగ్గర స్విచ్ ఆపి, వైరు పట్టుకుని లాగకుండా ప్లగ్గు పట్టుకుని తీయండి. మూడు పిన్నులున్నాయా? పైది మిగతా రెంటికంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది; ముందు అది తగలాలి, చివర అది వదలాలి అనే ఆ పొడుగు. మూడు పిన్నులను రెంటికి మార్చే కన్వర్టర్ ఉంటే పారేయండి. టెస్టర్ పెట్టి లైటు వెలగగానే హడావిడి పడొద్దు, వెలగకపోతే ధీమా పడొద్దు. ఈ కొద్దిపాటి కారుడుకు కూడా అది వెలుగుతుంది, ఎంత ప్రమాదమో చెప్పలేదు. ఎస్ఎంపిఎస్ పెట్టె మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల పైచిలుకు కాసేపు నిలవ ఉంటుంది.

మిగతాది ఎలక్ట్రీషియన్ పని. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత అని మూడు కొలతలూ మీటర్లో చూపించమనండి. మొదటి రెండూ దగ్గర దగ్గరగా, మూడోది ఒకటి రెండు వోల్టులుగా ఉంటే మంచిదే. మీటర్ ఒక్కదాన్నే నమ్మకుండా ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూసేవాడు పనిమంతుడు. బలహీనమైన ఎర్త్ మీటర్‌ను మోసగిస్తుంది, బల్బు ముందు మాత్రం మసకబారి దొరికిపోతుంది. కరెంటు కారితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు ఇంట్లో ఉంటే ఈ పరీక్షకు అది పడిపోతుంది, కంగారు పడకండి. ఎర్త్ బాగుచేశాక కూడా కొడుతుంటే అప్పుడు ఎస్ఎంపిఎస్‌ను అనుమానించాలి.

ఒక్క చోట మాత్రం గట్టిగా ఉండండి. "గుంత ఎందుకు ఖర్చు, సాకెట్లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తా" అనే పెద్దమనిషి దొరుకుతాడు. కలిపిన రోజు జివ్వుమనడం ఆగిపోతుంది, నిజమే. వానాకాలం గాలికి ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, ఆ క్షణం నుంచి డబ్బా మొత్తం ఫేజే. టీ ఇచ్చి పంపేయండి.

ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోండి. 30 మిల్లీ ఆంపియర్లు కారితే అది సరఫరాను ఆపేస్తుంది. అర మిల్లీ ఆంపియర్ జివ్వుమనడాన్ని మాత్రం అది పట్టుకోదు, కాబట్టి ఎర్త్‌కు బదులు కాదు, ఎర్త్‌కు తోడు. దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు పిల్లల చేతనే నొక్కించండి, సరదా పడతారు.

మా అమ్మాయికి నేను "నువ్వు చెప్పింది నిజమే, నాదే పొరపాటు" అని చెప్పి, బాక్సు విప్పి ఖాళీగా ఉన్న ఆ మర చూపించాను. "చెప్పినాను గదా" అంది, అంతే. వారం తిరక్కుండా ఫ్రిజ్ తలుపు దగ్గర, మిక్సీ దగ్గర ఏదో అనుమానమంటూ రెండుసార్లు పిలిచింది. రెండూ ఏమీ కాదు. రెండుసార్లూ లేచి వెళ్లాను.

గుంతలో కొత్త పైపు, కొత్త క్లాంపు వేసి రెండేళ్లయింది. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసేటప్పుడు మట్టి తీసి చూస్తాను. మొన్న చూస్తే మర చుట్టూ అప్పుడే ఎర్రటి తుప్పు మొదలైంది.