చిన్న వేషాల కొలువు

పిట్టలవానిపాలెంలో యాక్షన్ ఫిగర్లు పోగేసే ముసలాయన ఒకడున్నాడంటే పొన్నూరు దాకా నవ్వుకుంటారు. పోనీ హీరోల బొమ్మలా అంటే అవీ కావు. ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో అలా వచ్చి ఇలా పోయేవాళ్లవి. నవ్వేవాళ్లను నవ్వనిచ్చి, ఈ పిచ్చి కొత్తగా పట్టిన కుర్రాళ్ల కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. మనసుకు పట్టిన వేషాన్నే కొనండి.

‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ 1980లో వచ్చింది. అందులో మబ్బుల మధ్య కట్టిన ఊరొకటి ఉంటుంది. అది శత్రువుల చేతిలో పడ్డాక జనమంతా చెల్లాచెదురుగా పారిపోతుంటారు. ఆ హడావుడిలో నారింజ రంగు బట్టల మనిషొకడు చంకలో ఏదో ఇరికించుకుని పరిగెడతాడు. మాట లేదు, మళ్లీ కనిపించడు. రెప్ప వేస్తే వాణ్ని చూడనట్టే. ఆ చంకలోది ఇంట్లో ఐస్‌క్రీమ్ చేసుకునే మిషన్ అని అభిమానులు కనిపెట్టారు. తర్వాత్తర్వాత వాడికి విల్రో హుడ్ అని పేరొచ్చింది. హాస్‌బ్రో వాళ్లు ఆ మిషన్‌తో సహా బొమ్మ కూడా చేశారు. అమెరికాలో అభిమానుల జాతరల్లో జనం అవే బట్టలు తొడుక్కుని, అవే మిషన్లు పట్టుకుని గుంపుగా పరుగెత్తుతారు.

వాళ్లకది వేళాకోళం. నాకు మాత్రం వాణ్ని చూస్తే నవ్వు రాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన మా తీరాన్నీ వదల్లేదు. ఇప్పటికీ తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఎవరు ఏది చంకన పెట్టుకుని బయల్దేరతారో మా వైపు చూడాలి. ఒకరు పొలం కాగితాలు, ఒకరు కుట్టుమిషన్ తల, ఒకామె తిరగలి రాయి కూడా. ఊరు విడిచిపెట్టే మనిషి చేతిలో ఏముంటే వాడి కథ అంతా అందులోనే ఉంటుంది. ఆ సినిమా హీరో ల్యూక్ కత్తి నాకంత కథ చెప్పదు.

2. బొమ్మలో తేడా కనిపిస్తే ఎందుకొచ్చిందో తెలుసుకోండి.

‘ఎంపైర్’కు ముందు భాగమైన ‘స్టార్ వార్స్’ 1977 మే నెలలో విడుదలైంది. బొమ్మల హక్కులు తీసుకున్న కెన్నర్ కంపెనీ సినిమా అంతగా ఆడుతుందనుకోలేదు. క్రిస్మస్ వచ్చేసరికి చేతిలో బొమ్మల్లేవు. అందుకని అట్ట కవరులో ఒక పత్రం పెట్టి అమ్మారు. అది నింపి పంపితే మరుసటి ఏడాది నాలుగు బొమ్మలు పోస్టులో ఇంటికొచ్చాయి. బొమ్మ ఎత్తు మూడుముప్పావు అంగుళాలు. ఆ కొలత తర్వాత చాలా కంపెనీలకు ఒరవడి అయింది.

అసలు సంగతి 1978లో జరిగింది. సినిమాలోని సారా కొట్టు సెట్టును సియర్స్ దుకాణాల కోసం ప్రత్యేకంగా తయారుచేశారు. అందులో నాలుగు బొమ్మలు, నాలుగూ చిన్న వేషాలే. వాటిలో స్నాగుల్‌టూత్ అని ఒక కోరల మొహంవాడు ఉన్నాడు. బొమ్మ చేసేవాళ్లకు అందిన ఫొటోలో వాడు నడుము దాకానే కనిపిస్తాడు. మిగతాది ఊహించి పొడుగ్గా చేశారు. నీలం బట్టలు వేశారు, కాళ్లకు వెండి రంగు బూట్లు తొడిగారు. తీరా చూస్తే సినిమాలో వాడు పొట్టివాడు, బట్టలు ఎర్రవి. తర్వాత పొట్టిగా, ఎర్రగా, వట్టి పాదాలతో మళ్లీ పోశారు. ఇప్పుడు జనం వెంటపడేది ఆ నీలం పొడుగువాడి కోసమే. సరిగ్గా చేసిన ఎర్రవాణ్ని అడిగేవాళ్లు తక్కువ. ల్యూక్ ఫొటోలు వాళ్ల దగ్గర బోలెడుండబట్టే అలాంటి పొరపాటుకు అతని దగ్గర చోటు లేకపోయింది. చిన్న వేషాల్లోనే ఈ తమాషాలు దొరుకుతాయి.

3. ఆడని సినిమాల బొమ్మలు వదలొద్దు.

1987లో వచ్చిన ‘మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్’ సరిగా ఆడలేదు. సినిమా కోసం పుట్టించిన కొత్త పాత్రల్లో గ్విల్డార్, బ్లేడ్, సారాడ్ ముగ్గురికే మట్టెల్ బొమ్మలు చేసింది. సారాడ్ అనే బల్లి మొహంవాణ్ని సినిమాలో సొంత యజమానే బూడిద చేస్తాడు. బొమ్మ మాత్రం నోట్లోంచి నిప్పురవ్వలు కక్కుతుంది. సినిమా చూడకపోయినా నష్టం లేదు.

4. మన సినిమాల చిన్న వేషాలను మనమే చేయించుకోవాలి.

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ వచ్చింది 1991లో. కాలయంత్రం ఎక్కి 1526కి వెళ్లి, అక్కణ్నుంచి 2504కి పోయే కథ. రాయలవారి కొలువులో తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ ఉంటాడు. తెనాలి పేరు ఒక సైన్స్ ఫిక్షన్ సినిమాలో అలా వినిపిస్తే ఇటువైపు వాళ్లకు ఎంత ముచ్చటో వేరే చెప్పాలా? దుకాణాల్లో ఆ బొమ్మ నాకెక్కడా తగల్లేదు.

తెనాలిలో శిల్పులకు కొదవా! సూర్య శిల్పశాల తండ్రీకొడుకులు కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర ఇనుప తుక్కుతో, బోల్టులూ నట్లతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసి 2021లో వార్తల్లోకెక్కారు. చెయ్యి తిరిగిన పనివాళ్లు. కానీ మన సెంటర్లలో నిలబెట్టేవన్నీ నాయకుల విగ్రహాలే కదా, ఆర్డరిచ్చేవాళ్లు చిన్న వేషగాణ్ని ఎందుకు అడుగుతారు? నా రామకృష్ణుణ్ని వినాయకుడి బొమ్మలు చేసే ఒక కుర్రాడు అరచేతి కొలతలో మట్టితో చేసిపెట్టాడు. ముక్కు కుదరలేదు. తలపాగా కింద ఆ చిలిపి చూపు మాత్రం దింపేశాడు. కొండపల్లివాళ్లు తెల్లపొణికి కర్రతో దశావతారాలతోపాటు కల్లు గీసేవాణ్నీ చేశారంటే చిన్నవాళ్లనూ పట్టించుకునే చూపు మనకు పాతదే.

5. శత్రువు దొంగ కాదు, గాలి.

సూర్యలంక వైపు నుంచి వచ్చే ఉప్పు తేమ మా బీరువాల్లోకి దూరుతుంది. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డుగా, చేతికి అంటుకునేలా తయారవుతుంది. అది మురికి కాదు, ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం బయటికి ఊరడం. గోరువెచ్చని నీళ్లు, కాస్త తేలిక సబ్బు, తర్వాత నీడలో ఆరబెట్టడం. ఎండలో పెట్టారో తెల్లవి పచ్చబడతాయి.

బొమ్మలు బాగుచేయడంలో చెయ్యి తిరగాలంటే ఫన్‌స్కూల్ వాళ్ల జి.ఐ. జో సైనికుడి బొమ్మ ఒకటి విప్పి చూడండి. ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన కంపెనీ అది. వీపు మీద ఒక్క స్క్రూ ఉంటుంది, అది తుప్పు పట్టి ఉంటే తొందరపడకండి, ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేయండి. లోపల కాళ్లను పట్టి ఉంచే ఇనుప కొక్కెం, దానికి తగిలించిన నల్ల రబ్బరు రింగు. ఆ రింగు చివికి తెగితే మనిషి నడుం దగ్గర రెండు ముక్కలవుతాడు. బాపట్లలో మోటారు పంపులు బాగుచేసే కొట్లో ఆ కొలత రింగు దొరుకుతుంది. మరీ బిగువుది వేస్తే కాళ్లు ముడుచుకుపోతాయి, వదులుదైతే నిలబడడు.

6. పాత సరుకంటూ వచ్చే ప్రతిదాన్నీ అనుమానించండి.

కెన్నర్ మొదట ‘స్టార్ వార్స్’లోని జావా అనే పాత్ర బొమ్మకు ప్లాస్టిక్ కేప్ వేసి, తర్వాత గుడ్డది తొడిగింది. ప్లాస్టిక్‌ది అరుదు కాబట్టి వేరే బొమ్మల కేపులు కత్తిరించి దీనికి తొడిగి అమ్మే ఘనులున్నారు. అంచు నున్నగా ఉందా, కత్తెర జాడ ఉందా? భూతద్దం కొనండి, బొమ్మ తర్వాత కొందురు.

7. ధర చూసి గుండె పట్టుకోవద్దు.

దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ఇక్కడి బొమ్మల పరిశ్రమకు మంచిదే, కాదనను. మనలాంటివాళ్లు మాత్రం అమెరికాలో అల్లుళ్లున్నవాళ్లతో స్నేహంగా ఉండాలి.

8. డబ్బా విప్పాలా వద్దా అని పిల్లలు అడుగుతారు. విప్పాలి.

9. ప్రతి బొమ్మకూ ఒక చీటీ రాయండి.

ఏ సినిమా, ఏ ఏడాది, ఏ చోట కనిపిస్తాడు, ఎంతకు కొన్నారు. ల్యూక్‌ను ఎవరైనా గుర్తుపడతారు. విల్రో హుడ్‌కు చీటీ లేకపోతే మన తర్వాత పాత సామాన్ల బండికి పోతాడు. చీటీ పెన్సిల్‌తో రాయండి, ఇంకు మా తేమకు పాకిపోతుంది. బొమ్మకు అంటించకండి, జిగురు మరక పోదు. అరలో బొమ్మ వెనక నిలబెడితే చాలు.