ఫ్రిజ్ వెనకాల సన్నగొట్టం

ఎడిసన్, న్యూజెర్సీ

చిట్టితల్లీ,

డాలస్‌లో ఇల్లు కొన్నారని, ఐస్ దానంతటదే తయారుచేసుకునే ఫ్రిజ్ వచ్చిందని, శనివారం నీళ్ల లైను అల్లుడే కలుపుతానంటున్నాడని మీ అమ్మ చెప్పింది. కలపనివ్వు, పెద్ద పనేం కాదు. కానీ ఒక్క సంగతి ముందే చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

నువ్వూ నేనూ తెనాలిలో డాబా మీది ట్యాంకు నీళ్లతో పెరిగాం. ఆ నీటికి బలం ఎంతని? అడుగు ఎత్తుకి సుమారు 0.43 పీఎస్ఐ. 10 అడుగుల పైనున్న ట్యాంకు వంటింటి కుళాయికి ఇచ్చేది 4 పైచిలుకు. ఎక్కడైనా కారితే కింద బకెట్ పెట్టి, ప్లంబరు వచ్చేదాకా ఆగేవాళ్లం. ఇక్కడి ఇళ్లలో మామూలుగా 40 నుంచి 80 ఉంటుంది. రాత్రీ పగలూ, ఇంట్లో మనిషి ఉన్నా లేకపోయినా, ఆ నీరు పావంగుళం గొట్టాన్ని లోపలినుంచి తోస్తూనే ఉంటుంది. ఆ భయం మనకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

నాకు నా ఇల్లే నేర్పింది. అప్పట్లో మా ఫ్రిజ్ నీళ్ల లైనుకి చవకని సాడిల్ వాల్వు తెచ్చాను. పైపు చుట్టూ బిగిస్తే దాని సూదే రాగిపైపుకి చిల్లు పొడుస్తుంది, కొయ్యక్కర్లేదు, అతకక్కర్లేదు. దానికో ప్లాస్టిక్ గొట్టం తగిలించాను. అయిదేళ్లు బాగానే ఉంది. మీ నాన్నమ్మ సంవత్సరీకానికి మూడు వారాలు ఇండియా వెళ్లినప్పుడు ఆ గొట్టం పెళుసెక్కి చిట్లింది. తిరిగొచ్చి తలుపు తీస్తే వంటింటి చెక్కనేల ఉబ్బి పైకి లేచింది. బేస్‌మెంట్‌లో మీ పెద్దమ్మ దాచుకున్న పెళ్లి ఫోటోల పెట్టె తడిసి ముద్దయింది. వాల్వు కట్టేద్దామని తిప్పితే అదీ పూర్తిగా మూతపడలేదు. ఇంటి మెయినే ఆపాల్సొచ్చింది. నేల మళ్లీ వేయించాను. ఫోటోలు తిరిగిరాలేదు.

అందుకని, సింకు కింద చన్నీళ్ల లైనుకి టీ ఫిట్టింగు వేసి, పావు చుట్టుకే మూతపడే బాల్ వాల్వు పెట్టమను. గొట్టం స్టీలు అల్లికది కొనండి. నట్టు చేత్తో బిగించాక పానాతో ఇంకాస్త చాలు, బలమంతా చూపించొద్దు. ఫ్రిజ్ ముందుకు లాగడానికి ఆరేడు అడుగుల గొట్టం వెనక చుట్టగా వదలండి, తోసేటప్పుడు చక్రం కింద నలగకుండా చూడండి. ఫ్రిజ్‌కి కలిపేముందు కాసిన్ని నీళ్లు బకెట్‌లోకి వదిలేయండి. అతుకుల దగ్గర టిష్యూ కాగితం అద్ది చూడండి, ఆ రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి. మొదటిరోజు ఐస్ పారబోయండి.

మీ నాన్న కూడా తెనాలి ఇంటికి ఇలాంటిదే కొంటానంటున్నాడట. ఫ్రిజ్‌లోని నీటి వాల్వు గట్టిగా మూసుకోవడానికీ ఒత్తిడే కావాలి, చాలావాటికి కనీసం 20 పీఎస్ఐ. డాబా ట్యాంకు నీటికైతే అది సరిగా మూసుకోక బొట్టుబొట్టుగా కారుతుంది, ఆ బొట్లు గొట్టం మూతిలోనే గడ్డకడతాయి. ప్రెషర్ పంపు పెట్టించుకోమను, లేదంటే చేత్తో నీళ్లు పోసుకునే రకం చూసుకోమను.

నువ్వు మాత్రం ఊరెళ్లేటప్పుడల్లా సింకు కింది బాల్ వాల్వు కట్టి, ఐస్ మేకర్ కూడా ఆపెయ్యి. అల్లుడికి తెలిస్తే సరిపోదమ్మా. పని అయ్యాక నువ్వే సింకు కింద చెయ్యి పెట్టి, దాన్ని ఒకసారి మూసి, తెరిచి, ఆదివారం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న