దారితప్పిన దానిని ఇంటికి తెచ్చుట

పఠనభాగము: ద్వితీయోపదేశకాండము 22:1-4; 2 సమూయేలు 12:1-4
కంఠత వాక్యము: సామెతలు 12:10

ప్రియులారా, ఉద్యోగరీత్యా ఊరు మారుట మన కుటుంబములకు క్రొత్త కాదు. ట్రాన్స్‌ఫరు వచ్చును, క్వార్టర్సు ఖాళీ చేయుదుము, బీరువా మంచములు లారీ ఎక్కును. కుక్క మాత్రము గేటు దగ్గర నిలిచిపోవును. ప్రక్కింటివారు అన్నము పెట్టుదురులే అని సర్దిచెప్పుకొందుము. పెట్టిరో లేదో తిరిగివచ్చి చూచినవారు అరుదు.

మన పఠనభాగము చూడుడి. తప్పిపోయిన ఎద్దునుగాని గొఱ్ఱెనుగాని కన్నవాడు కాననట్లు తప్పుకొని పోరాదు. యజమాని ఎవరో తెలిసినయెడల తోలుకొనిపోయి అప్పగించవలెను. తెలియనియెడల తన యింటికి తెచ్చి, అతడు వెదకుచు వచ్చువరకు ఉంచవలెను. అన్నాళ్లు మేత, నీళ్లు, కట్టుత్రాడు ఎవరి ఖర్చు? చూచినవానిదే. నిర్గమకాండము 23:4-5 శత్రువు పశువు విషయములోను ఇదే కోరుచున్నది. ఇదంతయు ఆస్తిని కాపాడుటకే అని కొందరందురు. కొంత నిజమే. కాని నాతాను చెప్పిన కథలో బీదవాని గొఱ్ఱెపిల్ల అతని కంచములోనిది తిని, కుమార్తెవలె పెరిగినది. దావీదుకు కోపము రేపినది దాని వెల కాదు.

బైబిలులో కుక్కకు మంచి పేరు తక్కువేనని ఒప్పుకొనవలెను. అయినను ధనవంతుని వాకిట లాజరు దగ్గరకు వచ్చినవి అవే.

ఆత్మల రక్షణ పని ఉండగా ఈ గొడవ మనకెందుకని అడుగువారున్నారు. 1824లో లండనులో జంతుహింస నివారణ సంఘమును స్థాపించినవారిలో బానిస వ్యాపారముపై పోరాడిన విల్బర్‌ఫోర్సు ఒకరు. దాని మొదటి కార్యదర్శి ఆర్థర్ బ్రూమ్ అను పాదిరిగారు సంఘపు అప్పులకై చెరసాలకు వెళ్లిరి. వారికి ఈ రెండు పనులు ఒకదానికొకటి అడ్డు రాలేదు.

మన దేశములోను, ఆకలిదప్పులతో బాధపడునట్లు తగిన కారణము లేక జంతువును విడిచిపెట్టుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. వీధికుక్కల విషయమై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తరువు ఇచ్చుచు, దత్తత తీసికొనదలచినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, ఆ కుక్క మరల వీధిలోనికి రాకుండ చూచుట వారి బాధ్యతయనియు చెప్పెను.

ఈ రెండవ మాట దగ్గరనే మనము తడబడుచున్నాము. జాలిపడి తెచ్చుట సులువు. కుక్క పది పన్నెండు ఏండ్లు బ్రదుకును. పిల్లవాని పుట్టినరోజుకు ముచ్చటపడి తీసికొనువారికి కుక్కపిల్లను ఇయ్యకుడి. ఇంటి యజమాని ఒప్పుకొనెనా, క్రిస్మసుకు సొంత ఊరికి పోయినప్పుడు ఎవరు చూతురు, మూడు నెలల వయస్సున రేబిస్ టీకా వేయించి ఏటేటా మరల వేయింతురా, పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయింతురా అని మొగమాటపడక అడుగుడి. అడిగినందుకు కోపపడు ఇల్లు దానికి తగిన ఇల్లు కాదు. రెండు నెలలు నిండకముందు తల్లినుండి వేరుచేయరాదు. ఇచ్చిన నెలకు ఒకసారి వెళ్లి చూచి రండి.

దెబ్బతిన్న కుక్క భయముతో కరవవచ్చును. పిల్లలను దగ్గరకు పంపకుడి. కరచినయెడల పసుపు, కారము, సున్నము పూయక, ధారగా పడు నీటిలో సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకొనవలెను.

ఊరు మారవలసివచ్చిన కుటుంబము కుక్కను వెంట తీసికొనిపోలేనియెడల, ఆర్డరు చేతికి అందిన దినముననే సంఘములో చెప్పవలెను. తగిన ఇల్లు దొరకువరకు అది వారి కుక్కయే.

తరగతిలో మాటలాడుకొనుటకు: మందిరపు ఆవరణలో కుక్క ఈనినప్పుడు పిల్లలను గోనెసంచిలో వేసి సంత దగ్గర విడిచివచ్చుట మనలో కొందరు చూచినదే. ఈసారి ఆ సంచి పట్టుకొని వాచ్‌మన్ బయలుదేరినప్పుడు, మనలో ఎవరు అతనిని ఆపుదురు? ఆపినవారు ఆ పిల్లలను రెండు నెలలపాటు ఎక్కడ ఉంచుదురు?