సిమ్యులేటర్‌లో ఐఎల్ఎస్ ముల్లు తప్పు చూపిస్తోందా? కొత్త జాయ్‌స్టిక్ కొనే ముందు ఈ టెస్ట్ చేయండి

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా. మా చిన్నాన్న కొడుక్కి పైలట్ కావాలని కోరిక. మా ఇంటి పీసీలోనే రోజూ శంషాబాద్‌లో ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తుంటాడు. ఒక రోజు, "అన్నా, ముల్లు మధ్యలోనే ఉంది, రన్‌వే మాత్రం పక్కకుంది. జాయ్‌స్టిక్ పాడైనట్టుంది, కొత్తది తీసుకుందామా?" అన్నాడు.

జాయ్‌స్టిక్ విమానాన్ని తిప్పుతుందంతే. ముల్లు ఏం చూపించాలో అది నిర్ణయించదు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టినా లాభం లేదు. అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. నెల రోజులుగా వాడు ముల్లును పట్టించుకోకుండా, కిటికీలోంచి చూసి సర్దుకుంటున్నాడట! మబ్బులో కిటికీలోంచి ఏమీ కనిపించదు. అప్పుడు నమ్మాల్సింది ముల్లునే.

తప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఐఎల్ఎస్‌లో రెండు సిగ్నల్స్ ఉంటాయి. లోకలైజర్ ఎడమ-కుడి చెబుతుంది. దాని యాంటెన్నా రన్‌వే అవతలి చివర దాటాక ఉంటుంది. గ్లైడ్ స్లోప్ ఎత్తు చెబుతుంది, మామూలుగా 3 డిగ్రీల వాలు. సిమ్యులేటర్‌లో యాంటెన్నాలు ఉండవు కదా, వాటి చోటు, దిశ, ఫ్రీక్వెన్సీ అన్నీ డేటాబేస్‌లో నంబర్లే. రన్‌వే బొమ్మ ఒక ఫైల్ నుంచి, ఈ నంబర్లు మరో ఫైల్ నుంచి వస్తే రెండూ కలవకపోవచ్చు.

డేటా పాతబడటం మరో కారణం. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006లో వచ్చింది, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో తెరిచారు. అందుకే అందులో హైదరాబాద్ అంటే బేగంపేటే. శంషాబాద్ కావాలంటే యాడ్-ఆన్ వేసుకోవాల్సిందే. అసలు విమానాల నావిగేషన్ డేటా అయితే 28 రోజులకోసారి అప్‌డేట్ అవుతుంది.

ముందు మన తప్పులు చూసుకుందాం

1. ముల్లు జీపీఎస్‌ను కాకుండా నావ్ రేడియోను చూపిస్తోందా?
2. ఫ్రీక్వెన్సీ మీరు దిగే రన్‌వేదేనా? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైట్‌లో చార్ట్‌లు ఉచితంగా చూడొచ్చు.
3. గాలిని సున్నా చేయండి. పక్కగాలి ఉంటే విమానం ముక్కు పక్కకు తిరిగి, లైన్ తప్పినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు టెస్ట్

వాతావరణం క్లియర్‌గా పెట్టి, రన్‌వేకి 10 నాటికల్ మైళ్ల దూరం నుంచి మొదలుపెట్టండి. ఈసారి ముల్లును వదిలేసి, రన్‌వే మధ్య గీతకు సూటిగా ఎగరండి. ముల్లు ఎంత పక్కకుందో 10 మైళ్ల దగ్గర, మళ్లీ 1 మైలు దగ్గర రాసుకోండి.

రెండుచోట్లా ఒకేలా తప్పితే, లోకలైజర్ దిశ తప్పు. దూరంలో కొంచెమే తప్పి, దగ్గరికొచ్చేకొద్దీ పెరిగితే, యాంటెన్నా చోటు తప్పు. ఎందుకంటే ముల్లు మీటర్లను కాదు, కోణాన్ని చూపిస్తుంది. 4 కిలోమీటర్లు దాటిన శంషాబాద్ పెద్ద రన్‌వేకి యాంటెన్నా 100 మీటర్లు పక్కకు జరిగిందనుకోండి. 10 మైళ్ల దగ్గర తేడా పావు డిగ్రీ, 1 మైలు దగ్గర దాదాపు 0.9 డిగ్రీ.

ఎత్తుకు కూడా ఒక లెక్క ఉంది. 3 డిగ్రీల వాలులో మైలుకు సుమారు 318 అడుగులు. శంషాబాద్ సముద్రమట్టానికి 2,000 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది. కాబట్టి 4 మైళ్ల దగ్గర ఆల్టీమీటర్ దాదాపు 3,300 చూపాలి. తేడా వస్తే ముందు ప్రెషర్ సెట్టింగ్ చూడండి. ఒక్క హెక్టోపాస్కల్ తప్పితే దాదాపు 30 అడుగులు పోయినట్టే.

మా పీసీలో ఏం తేలింది?

దగ్గరికొచ్చేకొద్దీ తేడా పెరిగింది. అంటే చోటు తప్పు. యాడ్-ఆన్ రన్‌వేని జరిపింది, ఐఎల్ఎస్ డేటా మాత్రం పాతచోటే ఉండిపోయింది. యాడ్-ఆన్‌తో వచ్చిన నావిగేషన్ ఫైల్‌ను మేమే వేయడం మర్చిపోయాం! అది వేశాక సరిపోయింది, ఖర్చు సున్నా.

తర్వాత మబ్బును బాగా కిందికి దించి, "ఇప్పుడు ముల్లును మాత్రమే చూసి రా" అన్నాను. 200 అడుగుల దగ్గర మబ్బు విడింది. రన్‌వే సరిగ్గా ఎదురుగా ఉంది. వాడు జాయ్‌స్టిక్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. సిమ్యులేటర్ డేటా ప్రాక్టీస్‌కే, నిజమైన విమానంలో వాడకూడదు. ముల్లు తప్పుగా అనిపిస్తే సర్దుకుపోవద్దు, ఎందుకు తప్పిందో కనుక్కోండి. సిమ్యులేటర్‌లో పడిన చెడు అలవాటు రేపు కాక్‌పిట్‌లోకి కూడా మీ వెంటే వస్తుంది.