రేవు రొదలో మాట పరీక్ష

కోల్‌కతాలోని వాట్‌గంజ్‌కు ఆ పేరు 18వ శతాబ్దిలో అక్కడ ఓడల నిర్మాణానికి పూనుకొన్న కల్నల్ హెన్రీ వాట్సన్ వలన వచ్చింది. 1892లో సమీపాన ఖిదిర్‌పూర్ డాక్ ప్రారంభమైంది. అటువంటి రేవులో, క్రేన్ల మోత నడుమ 'ఆపు' అన్న కేక అందకపోతే ప్రాణమే పోవచ్చు.

రొదలో మాట ఎంతవరకు అర్థమవుతుందో తేల్చడానికి పరీక్షకుడు కృత్రిమంగా రొదను కల్పించి, అందులో పదాలు వినిపిస్తాడు. శ్రోత తిరిగి పలికినవాటిలో సరియైనవెన్నో లెక్కిస్తాడు. రొదలో అచ్చులు నిలుస్తాయి, హల్లులు మరుగుపడతాయి. 'పాలు', 'కాలు', 'తాలు' ఒక్కటే అనిపిస్తాయి. వాక్యమైతే శ్రోత సందర్భాన్ని బట్టి పూరించుకోగలడు. ఆ పూరణకు ఆధారం భాషాపరిచయమే. తెలుగు తప్ప మరొకటి అంతగా రాని కార్మికుణ్ణి బెంగాలీ పదాలతో పరీక్షిస్తే, లేని చెవుడు అంటగట్టినట్లే. 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో వేర్వేరు భారతీయ భాషలకు వేర్వేరు పదపట్టికలు రూపొందించింది ఇందుకే.